పోటువేళ ఇల్లుచూపులు

"పున్నమినాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి హోప్ టౌన్ రండి భయ్యా, దీదీని కూడా తీసుకురండి, పోటు..." అన్నాడు ఫోన్‌లో ఇళ్ళ బ్రోకరు పైడిరాజు. మిగతాది మా స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగిన బస్సు హారన్ మింగేసింది. నాకు వినబడింది మాత్రం "ఫోటో" అని.

వినడంలో నేను కొంచెం వీకు. మాట్లాడటంలో కాదు. నేను ఫోన్‌లో మాట్లాడితే అవతలివాడికి ఫోన్ అక్కర్లేదని పోర్ట్ బ్లెయిర్ బజారంతా చెప్పుకుంటారు. ఇల్లు రిజిస్ట్రేషన్‌కి కొనేవాళ్ళ ఫోటోలు కావాలని ఎవరో అనగా విన్నాను కనక, రెండూ కలిపి లెక్క తేల్చేశాను. ఇంటికెళ్ళి మా ఆవిడ నూకరత్నంతో "ఆదివారం పట్టుచీర కట్టుకో, ఫోటో తీస్తారట" అన్నాను.

"ఇల్లు చూడకుండా ఫోటోయేటి? నాకు చెప్పకుండా కొనేసారా?"

"లేదే. ఊరికే ఫోటో."

"ఊరికే ఫోటోకి పట్టుచీరేటి, పెళ్ళిచూపులా?"

"ఇల్లుచూపులు" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. సునామీ వచ్చిన ఐదో ఏడు అది. సునామీ వచ్చిన ఆదివారం కూడా పున్నమే. అప్పుడు మేం ఒడ్డు దగ్గర కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. భూమి ఊగింది. అందరం బయటికి పరిగెత్తాం. సముద్రం దూరంగా పొంగుతుంటే ఇంటి ఓనరు మెట్ల మీద నించుని "నీళ్ళు ఇక్కడిదాకా రావమ్మా" అన్నాడు. ఆ మాట నమ్మి నూకరత్నం స్టవ్ ఆర్పడానికి లోపలికెళ్ళింది. తరవాత నీళ్ళు ముంచుకొస్తే వంటింటి గట్టెక్కి, కిటికీ ఊచలు పట్టుకుని ఎంతసేపు నించుందో ఆవిడకే తెలీదు. ఓనరు మంచివాడే. తెలియనిది తెలిసినట్టు చెప్పాడు, అంతే.

అప్పట్నించీ మేడమీద వాటాలోనే కాపురం. సొంతిల్లు కొందామని పదకొండు ఇళ్ళు చూశాం. ప్రతి గుమ్మంలో ఆవిడ ఒకటే ప్రశ్న వేస్తుంది: "నీళ్ళు ఎంతదాకా వస్తాయి?" ప్రతి బ్రోకరూ ఒకటే జవాబు చెప్తాడు: "రావమ్మా." అంతే, ఆవిడ చెప్పులు తొడుక్కుంటుంది. ఒకడు "సీ వ్యూ, సీ వ్యూ" అంటూ బాల్కనీలోకి లాక్కెళ్ళాడు. ఆవిడ చూసి "ఛీ వ్యూ" అని దిగిపోయింది. నా పక్కన ఉండి ఉండి ఆవిడకీ అంటుకుంది ఈ జబ్బు.

ఇప్పుడు మేడ మీద వాటా ఖాళీ చెయ్యాలి, ఓనరు కొడుక్కి పెళ్ళి. ఆవిడ తేల్చి చెప్పేసింది. "పన్నెండోది ఆఖరు. అదీ కుదరకపోతే నాను రంగత్‌లో మా తమ్ముడింటి పక్కనే ఉంటాను. మీరు కొట్టు చూసుకుని వారానికోసారి బస్సెక్కి రండి." ఇరవైమూడేళ్ళ కాపురం బస్సు టైముల మీద నడపడం నా వల్లయ్యే పని కాదు.

పున్నమినాడు హార్బర్ దాటి హోప్ టౌన్ జెట్టీలో దిగేసరికి పైడిరాజు నించుని ఉన్నాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట, ఇతను ఇక్కడే పుట్టాడు. మాట తెలుగులో మొదలెట్టి హిందీలో ఒడ్డుకి చేరుస్తాడు. పట్టుచీరని చూశాడు, నా కోటుని చూశాడు. ఏమీ అనలేదు. అతనిలో నేను చూసిన మొదటి మర్యాద అదే.

నాతో కాదు, ఆవిడతో మాట్లాడాడు. "దీదీ, ఇవాళ పున్నమి. గంటలో పోటు ఫుల్లుగా ఎక్కుతాది. ఇల్లు నీళ్ళకి నజ్‌దీకే, పక్కనే. ఒడ్డుమీది ఇళ్ళు నేను పోటప్పుడే చూపిస్తాను, ఆటప్పుడు చూపించను. వద్దంటే ఇదే బోటుకి వాపస్ వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను."

నా ఫోటో అక్కడ పోటైంది. కొంచెంలో గుండెపోటయ్యేది. పున్నమి పోటువేళ ఆవిడ సముద్రం వైపు కిటికీ తలుపు కూడా తియ్యదు. ఆవిడ మొహం చూశాను. ఆవిడ బోటుని చూసింది. తాడు ఇంకా విప్పలేదు.

"నీళ్ళు ఎంతదాకా వస్తాయి?" అంది.

"నేను చెప్పను దీదీ. మీరే చూడండి."

ఆవిడ బోటు వైపు కాదు, రోడ్డు వైపు నడిచింది. ఐదేళ్ళలో ఆ ప్రశ్నకి "రావమ్మా" కాని జవాబు వినడం అదే మొదలు.

మిగతా బ్రోకర్లు ఒడ్డిళ్ళు ఎప్పుడు చూపిస్తారో మీకు చెప్పాలి. ఆటువేళ. నీళ్ళు వెనక్కెళ్ళి, ఇసక మెరుస్తూ, గవ్వలు కనబడుతుంటే. సునామీనాటి భూకంపానికి మా నేలే కిందికి కుంగింది, పున్నమికీ అమావాస్యకీ సముద్రం కాలవల్లోంచి పెరట్లోకొస్తుంది. ఆ సంగతి కొన్నవాడికి కొన్నాక తెలుస్తుంది. ఆటు చూపించి అమ్మడమంటే వెన్నుపోటే. పైడిరాజు పోటు చూపిస్తాడు, పొడవడు. బ్రోకరంటే బ్రోచే కరం అని నేను ఎప్పుడో వేళాకోళానికి అన్నాను. ఆ రోజు వేళాకోళం నిజమైంది.

ఇల్లు ఐదు మెట్ల మీద ఉంది, వెనక గుట్ట. తలుపు బార్లా తీసే ఉంది, అయినా పైడిరాజు గడప బయటే నించుని తలుపు మీద తట్టాడు. ఇల్లుగలావిడ కాళమ్మ వచ్చింది. బ్రూక్షాబాద్‌లో అక్కగారి దగ్గరికి వెళ్ళిపోతోందట.

"అమ్మా, వచ్చారు. ఇల్లు మీది, మీరే చూపించండి" అన్నాడు.

నేను చెప్పులు విడిచి మా ఆవిడ వెంట వెళ్ళబోతే చెయ్యి పట్టుకున్నాడు. "మనం బయటే భయ్యా. ముందు వాళ్ళని చూడనీండి. మనం లోపలికెళ్తే అచ్ఛా హై, అచ్ఛా హై అని దిమాగ్ తింటాం. దీదీ మనసు మాట ఆవిడకే వినబడదు."

యాభై ఏళ్ళలో నా నోరు మూయించినవాడు ఇతనొక్కడే, అదీ ఇంత మర్యాదగా.

ముందు వాకిట్లోకి నీళ్ళొచ్చేశాయి. మొదటి మెట్టు మునిగింది. మెట్ల పక్క గోడ మీద ఎర్ర రంగుతో చిన్న చిన్న గీతలు, ఒక్కోదాని పక్కన తేదీ. ఏడాదిగా ప్రతి పున్నమికీ అమావాస్యకీ పోటువేళకి వచ్చి ఇతనే గీశాడట. అన్నిటికన్నా పైది మూడో మెట్టు అంచున ఉంది.

"దీన్ని చూసి ఎవరూ పారిపోలేదా?" అన్నాను.

"ఇద్దరు పారిపోయారు. కాళమ్మగారు నన్ను ఒక వారం తిట్టారు."

కిటికీలోంచి ఆడవాళ్ళు కనబడుతున్నారు, మాటలు వినబడుతున్నాయి. నూకరత్నం తన ప్రశ్న వేసింది. కాళమ్మ ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళింది. ఇల్లంతా కొత్తగా సున్నం కొట్టించారు, వంటింటి గోడకి మాత్రం జానెడు మేర వదిలేశారు. అక్కడ మట్టిరంగు చార ఒకటి. అది వదిలెయ్యమన్నది పైడిరాజేనట. కాళమ్మ మా ఆవిడ చెయ్యి తీసి ఆ చార మీద పెట్టింది. రొమ్ము ఎత్తున ఉంది.

"సునామీనాడు ఇక్కడిదాకా వచ్చింది తల్లీ. మళ్ళీ వస్తాదో రాదో నాకు తెల్దు. వస్తే మాత్రం ఈ యెనక తలుపు తీసి గుట్టెక్కేయాలి. ఆ రోజు నాను అలాగే బతికాను."

తరవాత వెనక తలుపు గడియ చప్పుడైంది. నూకరత్నం పట్టుచీర ఎత్తి కట్టుకుని, అడుగులు లెక్కపెడుతూ గుట్టెక్కింది. పైనించి ఇంటిని చూసింది, సముద్రాన్ని చూసింది, దిగొచ్చింది. ఇంట్లోంచి నడిచి ముందు మెట్ల మీదికొచ్చి, మూడో మెట్టు మీద నించుంది. నీళ్ళు రెండో మెట్టు మీద ఆడుతున్నాయి. చీర అంచు తడుస్తోంది. నేను ముందుకు వెళ్ళబోయాను. మోకాలిలోతు నీళ్ళలో ప్యాంటు మడుచుకుని నించున్న పైడిరాజు తల అడ్డంగా ఊపాడు. ఆగాను.

అరగంట పైనే అలా నించున్నాం. అతను గడియారం చూసుకోలేదు, దగ్గలేదు, ఇంటిని ఒక్క ముక్క పొగడలేదు.

"పోటు తీస్తోంది" అంది నూకరత్నం.

రెండో మెట్టు అంచు తడిగా బయటపడింది. ఐదేళ్ళుగా ఆవిడ కళ్ళలో నీళ్ళు రావడమే ఉంది. అవి వెనక్కి వెళ్ళడం చూడనేలేదు. పైడిరాజు సంచిలోంచి రంగు డబ్బా తీసి, ఆ రోజు నీళ్ళు ఆగినచోట గీత గీసి తేదీ వేశాడు.

"ఇది తీసుకుందాం" అంది ఆవిడ నాతో. "వంటింట్లో చారకి సున్నం వెయ్యకూడదు. ఆ డబ్బా కూడా ఇక్కడే ఉంచమనండి. వచ్చే అమావాస్యకి నాను గీస్తాను."

"దీదీకే ఇచ్చేస్తాను" అని పైడిరాజు డబ్బా మూతపెట్టి మెట్టు మీద ఉంచాడు.

కాళమ్మ అప్పటిదాకా ఆపుకున్నది అడిగేసింది. "అంతా బాగుంది గానీ తల్లీ, పోటు చూడ్డానికి పట్టుచీరేటమ్మా?"

నూకరత్నం నావైపు తిరిగింది. పైడిరాజు కూడా తిరిగాడు. అతనూ జెట్టీ నుంచీ అదే అడగాలనుకుంటున్నాడని అప్పుడు తెలిసింది. బస్సు హారన్ సంగతి, రిజిస్ట్రేషన్ సంగతి, మొత్తం చెప్పేశాను.

"నేను పోటుకి రమ్మన్నాను భయ్యా."

"నేను ఫోటోకి తీసుకొచ్చాను."

కాళమ్మ మెట్టు మీద కూలబడి నవ్వింది. నూకరత్నం నవ్వలేదు. "పోటని వినబడుంటే నన్ను తెచ్చేవారా?" అంది.

"తెచ్చేవాణ్ణి కాదు" అన్నాను. జీవితంలో మొదటిసారి నా మాట పక్కవాళ్ళకి వినబడలేదు. ఆవిడకి వినబడింది.

తడిసిన అంచు పిండుకుంటూ "మరి నా ఫోటో ఏదీ?" అంది.

పైడిరాజు చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి, ముందు ఆవిణ్ణే అడిగాడు. "తియ్యమంటారా దీదీ?"