పాత కొలత

"సరోజమ్మగారి చివరి డైలాగు సగంలో తెగిపోతోంది తల్లీ," అన్నాడు ఎడిటర్ రవిచంద్ర.

జెరూష అతని తెర ముందుకు ఉరికింది. సరోజమ్మ ఆమె కన్నతల్లి. సినిమాల్లో ఎందరికో గొంతు అరువిచ్చిన మనిషి. ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. నిన్న ఈ ఫిల్మ్‌నగర్ స్టూడియోలోనే ఆఖరి డబ్బింగ్ చెప్పి, ఇవాళ పొద్దున బంజారాహిల్స్ ఆసుపత్రిలో స్వరపేటిక తీయించుకుంది. ఇక మళ్ళీ చెప్పించడమన్న మాటే లేదు.

పోనీ తప్పు ఇంకొకరిదైతే నాలుగు తిట్టుకోవచ్చు. సర్వర్‌లోని ఫైళ్ళను ఎడిటింగ్ మిషన్లకు చప్పున అందించే డ్రైవర్ అనే ప్రోగ్రాం రాసింది జెరూషే. ఒకసారి చూసిన ఫైలు సైజును దాచుకుని, మళ్ళీ సర్వర్‌ని అడక్కుండా అదే చెబుతుందది. టేకు మారితే పేరూ మారుస్తారులే అనుకుంది, పిచ్చిపిల్ల! నిర్మాత వరప్రసాద్‌గారి దగ్గర ఫైలుకి కూడా న్యూమరాలజిస్టే పేరు పెట్టాలి. అక్షరం మారిస్తే సినిమా ఆడదట! అందుకని ప్రతి టేకునూ పాతదాని మీదే, అదే పేరుతో ఎక్కించారు. మొదటి టేకు సరోజమ్మకు ఊపిరందక మధ్యలో ఆగిపోయింది. రెండోది పొడుగు. డ్రైవర్ మాత్రం మొదటిదాని కొలత దగ్గరే ఆగిపోతోంది.

"సర్, సేవ్ కొట్టలేదు కదా?"

"ఇప్పుడే కొట్టానమ్మా."

"అయ్యో దేవుడా!"

ఆ సేవ్ సర్వర్‌కి చేరిందా, పాత కొలతకే అసలు ఫైలూ తెగిపోతుంది. డ్రైవర్ దాన్ని పంపేముందు కాసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది, అదొక్కటే ఆశ. జెరూష బల్ల కిందికి దూరి నెట్‌వర్క్ కేబుల్ పీకేసింది. "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ సర్వర్ గదికి పరుగెత్తింది. తెరిచి చూస్తే ఫైలు నిండుగానే ఉంది. అక్కడే కూలబడి భోరుమంది.

ముందు దానికో కాపీ తీసిపెట్టింది. తెరిచిన ప్రతిసారీ సైజెంతో సర్వర్‌నే అడిగేలా డ్రైవర్ని మార్చి, దాచుకున్న పాత లెక్కలన్నీ, ఇంకా పంపని ఆ సేవ్‌నీ తుడిచేసి, కేబుల్ మళ్ళీ పెట్టింది.

రవిచంద్ర ప్లే కొట్టాడు. డైలాగు ఆఖరి మాటదాకా వచ్చింది. ఆ తర్వాత చిన్న దగ్గు. ఆ వెనకే అమ్మ సొంత గొంతు.

"బాగా వచ్చిందా బాబూ? కుదరకపోతే మొహమాటపడకండి, మళ్ళీ చెబుతాను."

అలవాటుకొద్దీ ఆ చివరి ముక్క కత్తిరించబోయాడు రవిచంద్ర. జెరూష రెండు చేతులా అతని చెయ్యి పట్టేసుకుంది.