స్వరం దిగినప్పుడు

"అమ్మా, నీకు పిల్లలంటే భయమటగా?"

జడ అల్లుతున్న చేతులు ఆగిపోయాయి. మూడు పాయల్లో ఒకటి వేళ్ళలోంచి జారింది. కుర్చీలో కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్న చిట్టి ఆ మాట మామూలుగానే అడిగింది, రేపు బడికి సెలవటగా అన్నంత మామూలుగా.

"ఎవరన్నారు?"

"నాన్న. అత్తతో ఫోన్లో చెప్తున్నాడు. చిన్నపిల్లలకి మత్తు ఇవ్వాలంటే మీ వదినకి వణుకు, అందుకే నొప్పుల డాక్టరైపోతోందీ అని." చిట్టి తల వెనక్కి వంచి తల్లి మొహంలోకి చూసింది. "నేనన్నా భయమేనా?"

"నువ్వంటే మరీను!" అని నవ్వేసి, జారిన పాయ వెతికి పట్టుకుని గట్టిగా బిగించింది.

"అబ్బా! లాగకమ్మా."

బడి బస్సు వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న కుర్చీలో అలాగే కూర్చుని ఉంది. ఎందుకంటే ఆ భయం సంగతి ఆమె ఒక్కరికే చెప్పింది.

మూడు నెలల కిందటి మాట. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన నాలుగేళ్ళ పిల్లవాడికి నోట్లో గొట్టం తీయగానే గొంతు బిగుసుకుపోయింది. గాలి లోపలికి పోవడం లేదు. పిల్లల్లో అప్పుడప్పుడూ జరిగేదే, ఏం చెయ్యాలో పుస్తకాల్లో ఉన్నదే. ఆమె చేసిందీ అదే. కానీ ఆ మానిటర్ ఉందే! పిల్లవాడి వేలికి తగిలించిన క్లిప్పు ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక కూత కూయిస్తుంది. ఆక్సిజన్ బాగుంటే కూత సన్నగా పైస్థాయిలో ఉంటుంది. తగ్గేకొద్దీ స్వరం ఒక్కో మెట్టే కిందికి దిగుతుంది. అంకె చూడనక్కర్లేదు, చెవి ఉంటే చాలు. ఆ రోజు అది దిగి దిగి ఎక్కడిదాకా పోయిందో ఆమె చెవి ఇప్పటికీ మరిచిపోలేదు. మందు పనిచేసింది, గొంతు విచ్చుకుంది, స్వరం మళ్ళీ మెట్లెక్కింది. పిల్లవాడు లేచి తన చెప్పులేవీ అని గొడవ పెట్టాడు. ఆమె మాత్రం బట్టలు మార్చుకునే గదిలో తలుపు గడియ వేసి, నిలబడలేక నేల మీద చతికిలబడింది.

ఆ సాయంత్రం భర్తకి చెప్పింది. ఆయన ఎముకల డాక్టరు. ఆ రోజు ఎంత బాగా విన్నాడని! ఫోను పక్కన పెట్టాడు. మధ్యలో అడ్డు రాలేదు. "అంతసేపూ నీ కాళ్ళు వణికాయా?" అని అడిగి, తల మీద చెయ్యి వేశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన మాట అంత ఓపిగ్గా ఆలకించిన సాయంత్రం మరొకటి గుర్తులేదు ఆమెకి. అందుకే వారం తిరక్కుండా అత్తగారు "పాపం నీకు ఆ పిల్లల పని పడదటగా" అంటే ముందు అర్థం కాలేదు. తర్వాత భోజనానికొచ్చిన స్నేహితుల ముందు ఆయనే అన్నాడు, "తనే భయపడుతోందిరా, నేనేమీ అనలేదు" అని. ఇప్పుడు ఆడపడుచు దాకా పోయింది. కడుపులో దాచుకోమని ఇచ్చింది ఊరంతా పంచిపెట్టాడు. దురుద్దేశమా అంటే అదీ కాదు. అదే వచ్చిన చిక్కు. దురుద్దేశమైతే పోట్లాడొచ్చు.

వచ్చే నెలతో ఆమె మత్తు డాక్టరు చదువు పూర్తవుతుంది. ఆ పైన ఫెలోషిప్పుకి రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి పిల్లల ఆసుపత్రిలో, పిల్లలకి మత్తు ఇచ్చే పని. రెండోది నొప్పుల క్లినిక్, ఏళ్ళ తరబడి తగ్గని నొప్పులకి సూదులేసే చోటు. ఏదో ఒకటి ఇవాళ సాయంత్రానికి తేల్చి చెప్పాలి. భర్త ఎప్పుడో తేల్చేశాడు. "నా దగ్గర ఎముక, తన దగ్గర నొప్పి! ఒకే బోర్డు మీద ఇద్దరి పేర్లూ" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పి, తన జోకుకి తనే ముందు నవ్వుతాడు. బోర్డు మీద ఎవరి పేరు పైన ఉంటుందని ఆమె అడగలేదు, ఆయన చెప్పనూ లేదు.

అలాగని నొప్పుల క్లినిక్ ఏమైనా తక్కువ పనా? ఆసుపత్రికి బస్సులో వెళుతూ అదే నెమరు వేసుకుంది. అక్కడ రెండు నెలలు పనిచేసినప్పుడు, నడుం నొప్పితో ఏళ్ళ తరబడి కూర్చుని నిద్రపోయిన ఒక పెద్దాయన, సూది వేయించుకున్న వారానికి వచ్చి, పడుకుని నిద్రపోయానమ్మా అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయనకి ఆమె మొహం గుర్తుంటుంది. ఆపరేషన్ థియేటర్లో నిద్రపుచ్చిన వాళ్ళెవరికీ గుర్తుండదు. పైగా పగటి పని. చిట్టి బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండొచ్చు. అన్నీ నిజాలే. మరి ఆ నిజాలన్నీ ఒకవైపు పేర్చి చూసుకుంటే మనసుకి హాయిగా ఉండాలి కదా, లోపల ఏదో ఆరిపోయినట్టు ఎందుకుంటోంది? పోనీ పిల్లల వైపు వెళదామంటే కాళ్ళలోంచి చల్లగా భయం పాకుతుంది. ఈసారి మందు పనిచెయ్యకపోతే? ఈసారి తన చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే? బయట కూర్చున్న తల్లికి ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి? మూడు నెలలుగా ఫ్రిజ్ ఆగిపోతూ మూలిగినా, కుళాయి కట్టేసినప్పుడు ధార సన్నబడినా ఆమె గుండె గుభేలుమంటోంది. ఇది తన భయమేనా, లేక రోజూ నలుగురూ అనగా అనగా పెరిగిన భయమా? వేరు చెయ్యడం కుదరడం లేదు. అన్నిటికన్నా భయం అదే.

ఆ రోజు మొదటి కేసు అయిదేళ్ళ పాప, హెర్నియా. పాప తల్లి థియేటర్ గుమ్మం దాకా ఎత్తుకుని వచ్చి, ఆమెని ఎగాదిగా చూసింది. "పెద్ద డాక్టరు వస్తారా అండీ?"

"ఆపరేషన్ చేసేది ఆయనే. నిద్రపుచ్చేది నేను."

"లేస్తుంది కదండీ?"

"లేచేదాకా పక్కనుంచి కదలనమ్మా" అని పాపని చేతుల్లోకి తీసుకుంది. తల్లి చెయ్యి పాప గౌను అంచు వదలడానికి కాస్త సమయం పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.

మాస్కు పెట్టి, దాని గొట్టానికి తగిలించిన గాలి సంచీ చూపించి "ఈ బుడగ ఊదు చూద్దాం" అంటే పాప బుద్ధిగా ఊదింది. కళ్ళు వాలాయి. సర్జన్ చేతులు కడుక్కుంటూ వెనక నుంచి కేకేశాడు, "ఏమ్మా, పడుకోబెట్టావా, జోలపాట ఏమైనా పాడమంటావా?" నర్సులు నవ్వారు. ఆయన ఇరవై ఏళ్ళుగా ప్రతి మత్తు డాక్టరునీ ఇదే అడుగుతున్నాడు, ఆ నవ్వూ ఇరవై ఏళ్ళదే.

అప్పుడే స్వరం దిగింది. ఒక్క మెట్టు, అంతే. ఎవరూ తల తిప్పలేదు. ఎవరికీ వినపడలేదు. ఆమె అరికాళ్ళలో చెమట పట్టింది, వీపంతా చల్లబడింది. కానీ ఆ చల్లదనం పైకి పాకేలోపే ఆమె వేళ్ళు పాప దవడ కిందికి చేరి ముందుకు ఎత్తాయి, రెండో చెయ్యి సంచీని నొక్కింది. ఛాతీ లేచింది. స్వరం రెండో మెట్టు దిగకుండా ఆగి, పైకెక్కి, తన చోట కుదురుకుంది.

"అంతా బానే ఉందా?" అన్నాడు సర్జన్ తలెత్తకుండా.

"బానే ఉంది సార్."

పాప లేచాక తల్లి సర్జన్‌కి రెండు చేతులూ జోడించింది. ఆమె వాళ్ళ పక్కనుంచే ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది.

పిల్లల ఆసుపత్రి ఫెలోషిప్పుకి పెద్ద ఒకావిడ. అందరూ పెద్దమేడమ్ అంటారు. ఆ మధ్యాహ్నం ఇక్కడి మీటింగుకి వచ్చినావిడ వరండాలో నిలబడే టీ తాగుతూ ఆమెని పిలిచింది.

"నీకు భయమని విన్నాను."

"ఎవరు చెప్పారు మేడమ్?"

"మీ ఆయన. మొన్న ఎవరిదో రిటైర్మెంట్ విందులో. పాపం, చాలా బాధ్యతగా చెప్పాడు." మేడమ్ కప్పు కిటికీలో పెట్టింది. "నిజమేనా?"

కాదనాలనిపించింది. "నిజమే మేడమ్."

"సరే. సీటు కావాలో వద్దో ఏడింటిలోగా మెసేజ్ పెట్టు. నువ్వు పెట్టు." అంతే, ధైర్యమూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. చక్కా వెళ్ళిపోయింది.

సాయంత్రం భోజనాల బల్ల మీద గిన్నెలు సర్దుతుంటే బయట కారు తలుపు పడింది. "ఇవాళ బానే ఉన్నాడు" అన్నారు అత్తగారు. ఆవిడ గురి తప్పదు. ముప్పై ఏళ్ళు మామగారి చెప్పుల చప్పుడు విని సంపాదించుకున్న విద్య అది. కొడుక్కీ అదే పనికొస్తోంది.

ఆయన నిజంగానే హుషారుగా వచ్చాడు. కూర్చుంటూనే అన్నాడు, "నొప్పుల క్లినిక్ ఆయన కనిపించాడు. మా ఆవిడ వస్తోంది, ఇంకో ఆలోచన లేదని చెప్పేశా."

"నేనింకా ఏమీ అనుకోలేదు."

"ఇంకా అనుకోవడానికేముంది?" ఆయన నవ్వబోయి ఆగాడు. "నువ్వే కదా భయమన్నావ్."

స్వరం దిగింది. ఒక్క మెట్టే. కోపం కాదు, కేకా కాదు, బయటివాళ్ళు వింటే మామూలు మాటే. కానీ బల్ల కింద ఊగుతున్న చిట్టి కాళ్ళు టక్కున ఆగిపోయాయి. అత్తగారి చెయ్యి దానంతటదే కదిలి మంచినీళ్ళ గ్లాసు కొడుకు ముందుకి జరిపింది. తన చెయ్యి ఎప్పుడు వెళ్ళిందో, కూర గిన్నెలో గరిటె పట్టుకుని ఆయనకి వడ్డించడానికి సిద్ధంగా ఉంది.

ముగ్గురు. డెబ్బై ఏళ్ళావిడ, తను, ఏడేళ్ళ పిల్ల. ముగ్గురూ ఒకే కూతకి చెవులప్పగించి కూర్చున్నారు. చిట్టికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకుంది. పొద్దున థియేటర్లో దిగిన మెట్టు ఎవరికీ వినపడలేదు, తనకొక్కదానికే వినపడింది. ఆ చెవి తనకి ఏ కాలేజీలోనూ రాలేదు, ఈ బల్ల దగ్గరే వచ్చింది. ఇన్నేళ్ళ నుంచీ ఇక్కడ స్వరం దిగినప్పుడల్లా తను ఒక కూర మార్చింది, ఒక చీర మార్చింది, ఒక మాట మింగింది, ఆయన మొహం తేటపడితే హమ్మయ్య అనుకుంది. అంత భయమూ ఖర్చుపెట్టి తను బతికించింది ఎవరిని?

గరిటె గిన్నెలో వదిలేసింది. చప్పుడైంది.

"చిట్టీ, పొద్దున అడిగావే, నాకు పిల్లలంటే భయమా అని. భయమే. చాలా భయం."

"చూశావా!" ఆయన మొహం విప్పారింది. "అదే కదా నేను..."

"అందుకే వాళ్ళ దగ్గరికి వెళ్తున్నా."

పళ్ళెం పక్కనున్న ఫోను తీసి, సీటు కావాలి మేడమ్ అని రాసి పంపింది. ఆయన ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అంతకన్నా కింది మెట్టు లేదు. అత్తగారు ఏదో ఒకటి అనవే, నవ్వవే అన్నట్టు కళ్ళతో బతిమాలుతున్నారు. ఆమె బల్ల చుట్టూ ఒక్కొక్కరినే చూసింది. అందరూ చక్కగా ఊపిరి పీలుస్తున్నారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు.

కూర గిన్నె తన వైపు లాక్కుని, ముందు తన పళ్ళెంలో వడ్డించుకుంది. కాసేపటికి బల్ల కింద చిట్టి కాళ్ళు, ముందు ఒకటి, తర్వాత రెండోది, మళ్ళీ ఊగడం మొదలుపెట్టాయి.