ఒక వైపు టేపు, ఒక వాయి రొట్టె

మా బేకరీలో గడియారం ఉంది గానీ దాని మొహం చూసేవాళ్ళే లేరు. మా అత్తయ్య లెక్కలో ఒక వాయి రొట్టె అంటే ఒక వైపు టేపు. ట్రేలు బట్టీలోకి తోసి టేప్‌రికార్డర్ మీట నొక్కుతుంది. వేణువుతో మొదలయ్యే పాట వస్తుంది, దాని వెనకే మిగతావి, చివర పడవ పాట. పడవ పాట ఆఖరి చరణంలోకి రాగానే బట్టీ తలుపు తీస్తుంది. ఆవిడ పడుచుతనంలో అందరూ పాడుకున్న పాటలట అవి. నేనప్పటికి పుట్టనేలేదు.

అత్తయ్య కళ్ళు మసకబారి చాలా కాలమైంది. కిందటేడు జ్వరంతో పాటు వాసన పట్టడం కూడా పోయింది. బట్టీ దగ్గర ఆవిడకు మిగిలిన ఆధారం ఆ పాటలే.

ఆ టేప్‌రికార్డర్ ఈ మధ్య టేపు నమలడం మొదలుపెట్టింది. మా ఆయనకు తల్లి మీద ప్రేమ పొంగుకొచ్చి కొత్త స్పీకరు కొన్నారు. అవే పాటలు, అదే వరుసలో వెతికి ఫోన్లో ఎక్కించారు. అత్తయ్య మురిసిపోయింది.

మర్నాడే కొంప మునిగింది. రొట్టె కోస్తే లోపల పచ్చిపిండి! రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి బల్ల మీద పడేసి పోయారు.

"అమ్మా, ఇక నువ్వు ఇంట్లో కూర్చో. నేను గడియారం చూసి తీస్తాలే" అన్నారు మా ఆయన. మెల్లిగానే అన్నారు. ఆ మెల్లిదనానికే నాకు ఒళ్ళు మండింది.

అత్తయ్య చేతితొడుగులు విప్పి బల్ల మీద పెట్టింది. "లెక్క తప్పుతున్నట్టున్నానురా. పెద్దదాన్నైపోయాను" అంది.

నేను ఊరుకునే రకం కాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు తల్లి లేదు, పిండి కలపడం రాదు. ఎన్ని ట్రేలు మాడ్చానో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ ఒక్కసారి కూడా కసరలేదు. "ఇదిగో, ఈ చరణం అయిందాకా పిసుకు, చాలు" అని పక్కన నిలబడి పాడేది. నాకింత పని వచ్చిందంటే అది ఆవిడ పుణ్యమే. అలాంటి మనిషిని మూల కూర్చోబెడుతుంటే చూస్తూ ఉండటానికి నేనేమైనా రాయినా?

"బట్టీ సెగ తగ్గిందేమో చూశారా?" అని మా ఆయన్ని నిలదీశాను.

"చూశాను. బాగానే ఉంది."

"పిండి?"

"పిండి కలిపింది నువ్వేగా!"

ఇక మిగిలింది పాటలే. స్పీకరు పెట్టాను. మొదటి రోజు నుంచీ అందులో నాకేదో తేడా కొడుతోంది. పాటగాడి గొంతు సన్నగా ఉంది. "ఈయనకేం, బండి వెళ్ళిపోతోందా? ఎందుకింత తొందర?" అని విసుక్కున్నాను. అన్నాక నా మాటకు నేనే ఉలిక్కిపడ్డాను.

అటకెక్కించిన టేప్‌రికార్డర్‌ని దింపాను. "ఈ ఒక్కసారికి నమలకు తల్లీ" అని దండం పెట్టి, రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాను. పల్లవి దాటకముందే ఫోను ముందుకెళ్ళిపోయింది. ఫోనులో పాట పూర్తయ్యాక కూడా టేపులో ఆయన ఇంకా సాగదీస్తూనే ఉన్నాడు.

మా ఆయన మూత విప్పి చూశారు. లోపలి రబ్బరు బెల్టు వదులై వేలాడుతోంది. ఎన్నేళ్ళుగా సాగుతోందో ఏమో, పాటలు కొంచెం కొంచెంగా నెమ్మదించాయి. అప్పట్లో వాసన తెలిసేది కనుక అత్తయ్య కూడా తనకు తెలియకుండానే దానికి తగ్గట్టు సర్దుకుంది. మేమంతా ఆ నిదానానికే, ఆ దిగులు గొంతుకే అలవాటు పడ్డాం.

"అయితే మన పాటగాడికి దిగులేమీ లేదన్నమాట! ఇన్నాళ్ళూ పాపం అని తెగ జాలిపడ్డాం కదే!" అని అత్తయ్య పగలబడి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా పని అయిపోయిందనుకున్నానే."

"అయిపోవడమేంటి? మీరు పక్కన లేకపోతే ఈ బట్టీ దగ్గర నేనొక్కదాన్నీ ఏం చేయాలి?" అని గట్టిగానే అరిచాను. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

మా ఆయన తల గోక్కున్నారు. "తప్పయిందమ్మా. బట్టీ నీదే" అన్నారు.

కొత్త స్పీకరులో పాటలన్నీ అయ్యాక రొట్టెకు ఇంకా కాసేపు సెగ కావాలి. దాదాపు ఒక పాటంత సేపు.

"నీ చిన్నప్పటి పాట ఒకటి పెట్టవే" అంది అత్తయ్య.

"అయ్యో, అదంతా డప్పుల గోల. మీకు నచ్చదులెండి."

"బతిమాలించుకోకు. పెట్టు."

నేను కాలేజీ రోజుల్లో పిచ్చిగా విన్న పాట పెట్టాను. అత్తయ్య మొదట మొహం చిట్లించింది. రెండో చరణానికి వేళ్ళతో బల్ల మీద దరువేసింది. పాట ఆగగానే ట్రే లాగించి, ఒక రొట్టె కోయమంది. లోపలిదాకా కాలింది. చిన్న ముక్క ఊది ముందు నా నోట్లో పెట్టి, బట్టీ వెనక ఉన్న కొడుక్కి వినబడేలా అంది:

"చూశావురా, నీ పెళ్ళాం పాట లేకనే మన రొట్టె ఇన్ని రోజులూ పచ్చిగా ఉంది!"

నోటినిండా వేడి రొట్టె. ఎప్పుడూ ఊరుకోని నేను అప్పుడూ ఊరుకోలేదు, ఆ పాటే మళ్ళీ పెట్టాను.