నల్లనాడా

ఫైళ్ళక్క ముక్కుకు గుడ్డ అడ్డం కట్టుకుని, నిచ్చెన మీద నిలబడి పైఅరలో ఫైళ్ళు సర్దుతోంది. ఒకదాన్ని నిలబెడితే పక్కది ఒరుగుతుంది. "నిటారుగా నిలబడి చావండే, మీకేం రోగం!" అని కసురుకుంది. ఆస్పత్రి రికార్డు గదిలో ఆమె మాట్లాడేది ఎక్కువగా వాటితోనే.

భర్త ఇక్కడే వాచ్‌మన్‌గా చేసి, ఇక్కడే కన్నుమూస్తే, ఆమెకు ఈ పని ఇచ్చారు. వైద్యం సాగుతున్నవాళ్ళ ఫైలుకు తెల్లనాడా, జారుముడి. చనిపోయినవాళ్ళ ఫైలుకు నల్లనాడా, పీటముడి. నల్లనాడా కట్టినవన్నీ మూల బీరువాలోకి వెళ్తాయి, ఇక వాటినెవరూ విప్పరు. చేరిన రోజు ఆమె వేసిన మొదటి పీటముడి భర్త ఫైలుకే. అప్పుడెంత ఏడ్చిందో ఆ బీరువాకే తెలుసు.

కింద కౌంటరు దగ్గర గొంతులు లేచాయి.

"ఫైలు కనబడలేదమ్మా, రేపు రండి," అంటున్నాడు రికార్డు ఆఫీసరు.

"నిన్నా ఇదే మాటన్నారు సార్! రేపటికి మా నాన్న మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు."

మెడలో కొలతల టేపుతో అలాగే పరిగెత్తుకొచ్చిన దర్జీ పిల్ల. పక్కన చక్రాల కుర్చీలో ఆమె తండ్రి, ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. ఇక్కడ చేసిన కడుపు ఆపరేషన్ వికటించింది. ఊరవతల ఆస్పత్రివాళ్ళు మళ్ళీ కోసి సరిచేస్తామని, మధ్యాహ్నం దాకా మంచం ఆపారు. కానీ మొదటిసారి లోపల ఏం చేశారో కాగితాల్లో చూడందే కత్తి ముట్టరట.

"డిశ్చార్జి చీటీ ఇచ్చాంగా."

"అందులో మందుల పేర్లు తప్ప ఏమున్నాయి సార్?"

ఫైళ్ళక్క నిచ్చెన దిగింది. తెల్లనాడాల వరసలో ముసలాయన ఫైలుండాల్సిన చోట సందు కనిపిస్తోంది. అంతలో ఆమెకు గుర్తొచ్చింది. వేరే ఆస్పత్రికి వెళ్ళిపోతామని సంతకం పెట్టినవాళ్ళ ఫైళ్ళకు కూడా వార్డువాళ్ళు నల్లనాడాయే కట్టి పంపుతారు. ఎలాగూ మళ్ళీ రారు కదా, అంటారు. ఎవరు మొదలెట్టారో గానీ ఎవరూ తప్పనలేదు, ఆమె కూడా. నిన్న సాయంత్రం అలాంటి కట్ట ఒకటి పేర్లయినా చూడకుండా తనే బీరువాలో పడేసింది.

తలుపు తీసి, భర్త ఫైలు పక్కకు జరిపి వెతికింది. దొరికింది.

కౌంటరు మీద పెట్టగానే ముసలాయన, "ఈ నల్లదేంటమ్మా?" అన్నాడు.

ఫైళ్ళక్క నాడాను అరచేత్తో కప్పింది. "పోయినవాళ్ళకి కడతాం తాతా. పొరపాటైంది. బీరువాలో పెట్టింది నేనే."

ముసలాయన కడుపు పట్టుకుని పడీపడీ నవ్వాడు. "హారన్ కొడుతూనే ఉన్నాను గదే తల్లీ, అప్పుడే షెడ్డులో పెట్టేశావా నన్ను?"

కూతురికి నవ్వు రాలేదు. "మొత్తం నకలు కావాలి సార్. రోగి అడిగితే ఇవ్వాలని మీ గోడ మీదే రాసుంది."

రాసే ఉంది. ఆ బోర్డు మీద ఆఫీసరు తన గొడుగు తగిలించుకుంటాడు.

"పెద్ద డాక్టరుగారిని అడక్కుండా ఇస్తే నా పీకల మీదికొస్తుందమ్మా," అన్నాడతను. "ఆయన చేసినదానికి అవతలివాళ్ళు వంకలు పెడితే?"

ఏనాడూ అతనికి ఎదురు చెప్పని ఫైళ్ళక్క నోరు విప్పింది. "కోసింది ఆయనే కావచ్చు సార్. కడుపు మాత్రం ఈయనది గదా!"

ఆఫీసరు ముసలాయన వంక చూశాడు. లేచి గొడుగు తీసి మూలన పెట్టాడు. "కానివ్వు. ఒక్క కాగితం కూడా వదలకు. సంతకం నేను పెడతా."

ముడి గోళ్ళకు లొంగలేదు. దర్జీ పిల్ల సంచిలోంచి కత్తెర తీసింది.

"వద్దు తల్లీ, విప్పుతా," అని ఫైళ్ళక్క ముక్కుకున్న గుడ్డ దించి, ముడిని పంటితో పట్టి లాగింది. ఇన్నేళ్ళలో నల్లనాడా విప్పడం ఇదే మొదలు. అది వీడగానే ఆమెకు ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చింది, గట్టిగా కేకేయాలనిపించింది. జిరాక్స్ మెషిన్ దగ్గర నిలబడి వేడివేడి కాగితాలు ఒక్కొక్కటే అందుకుంది. ఆపరేషన్ కాగితం వచ్చినప్పుడు దర్జీ పిల్ల దాన్ని గుండెకు హత్తుకుంది.

వాళ్ళు వెళ్ళడం ఫైళ్ళక్క చూడలేదు, స్కాన్ ఫిల్ములు కవర్లో పెట్టి పంపి మళ్ళీ లోపలికొచ్చేసింది. కాసేపటికి గేటు దగ్గర వ్యాను హారన్ మోగింది, ఆగి మళ్ళీ మోగింది. ముసలాయనే కొట్టించి ఉంటాడు.

సాయంత్రం ఫోనొచ్చింది. "నాన్నని చేర్చుకున్నారక్కా! పొద్దున్నే ఆపరేషన్. కాగితాలన్నీ ఉన్నాయి, ఇక భయం లేదన్నారు!"

ఆ మాట విని ఆఫీసరు వార్డుకు ఫోన్ చేశాడు. "వెళ్ళేవాళ్ళ ఫైళ్ళకి ఇకమీదట తెల్లనాడాయే కట్టండి. అవును, నేనే చెబుతున్నా."

ఫైళ్ళక్క అసలు ఫైలుకు తెల్లనాడా చుట్టి, జారుముడి వేసి, దాని సందులో నిలబెట్టింది. ఒరగలేదు. మూల బీరువా మూస్తూ, "విన్నారా? ఒకాయన బయటపడ్డాడు," అంది భర్త ఫైలుతో. కళ్ళు తుడుచుకుని, నవ్వుకుంటూ, దీపమార్పి ఇంటికి బయల్దేరింది.

కౌంటరు మీద నల్లనాడా మాత్రం ఉండిపోయింది, పంటిగాటు పడిన చోట ఇంకా కాస్త తడిగా.