నడి కూడలిలో ఆఖరి పాఠం

కారు నేర్పేవాళ్ళు ఆ నగరంలో వీధికొకరున్నారు గానీ క్లచ్చక్క మాత్రం ఒక్కతే. నేర్చుకునేవాళ్ళు ఏ తప్పు చేసినా ముందు "క్లచ్చు! క్లచ్చు తొక్కు తల్లీ!" అని అరిచేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. నెత్తిన ఎర్రటి 'ఎల్' అక్షరం మోసే చిన్న కారు, పక్క సీటు దగ్గర తన కోసం ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు, ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలు. అదే ఆవిడ డ్రైవింగు స్కూలు.

ఆ స్కూలుకో ఆచారం ఉంది. ఆఖరి పాఠం రోజున ఎంతటివాళ్ళైనా సరే, నగరంలోకెల్లా పెద్ద కూడలికి కారు తీసుకెళ్ళాలి. పచ్చదీపం వెలిగాక సరిగ్గా నడిమధ్యకు వచ్చి, కావాలని ఇంజను ఆపెయ్యాలి. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా కంగారుపడకుండా మళ్ళీ స్టార్టు చేసుకుని బయటపడాలి. "బండి నడపడం ఎవరైనా నేర్పుతారు, ఆగిపోతే కొంపేమీ మునగదని నేర్పేది నేనే" అని గొప్పగా చెప్పుకునేది. అక్కడితో ఊరుకునేదా? "సమాజం, సమాజం అంటారే, దాని బుద్ధి తెలియాలంటే పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఏ పెద్ద నగరానికో వెళ్ళి, కూడలి మధ్యలో బండి ఆపు. వెనకున్నవాళ్ళు ఏం చేస్తారో చూడు. అదే దాని బుద్ధి. మన నగరం బుద్ధి మాత్రం బంగారం" అనేది. ఈ మాటకు తలూపనివాళ్ళకి ఆ రోజంతా రివర్సు గేరు పాఠమే.

ఇప్పుడా మాటకు అడ్డం తిరిగింది ఎవరో పరాయి మనిషైతే పోనీలే అనుకునేది. తిరిగింది సొంత వదిన.

వదిన చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడ అన్న పనిచేసే మిల్లు మూతపడింది, పైగా నడుం పట్టేసి మంచం దిగలేకుండా ఉన్నాడు. ఇక్కడ ఒక బడిలో పిల్లల వ్యాను నడిపే ఉద్యోగం వదిన కోసం కాచుకుని ఉంది. లైసెన్సు తెచ్చుకుంటే చేరిపోవచ్చు, అన్నని కూడా ఇక్కడికే తెచ్చుకోవచ్చు. లేదంటే ఆ వ్యాను ఇంకొకరి చేతికి పోతుంది. పరీక్ష మర్నాడు పొద్దున్నే. వదినకు చెయ్యి కుదిరింది, కాలు కుదిరింది, మనసే కుదరలేదు.

"నీ నగరానికో దండం తల్లీ" అంది ముందుగదిలో కూర్చుని, సంచి సర్దుకుంటూ. "వచ్చినప్పట్నుంచి చూస్తున్నా, ఎదురింటావిడ ఒక్కసారైనా నా మొహం చూసి నవ్వలేదు. బస్సులో నా కాలు తొక్కినవాడు నన్నే జరగమన్నాడు. ఇంత పెద్ద ఊళ్ళో మనుషులే ఇలా ఉంటే ఇంక లోకం ఎలా తయారైందో తెలుస్తూనే ఉంది. పరీక్షా వద్దు, ఏమీ వద్దు. రేపు పొద్దున బస్సెక్కి పోతా."

అమ్మ పోయాక క్లచ్చక్కకు జడేసింది ఈ వదినే. తిడుతూ అన్నం పెట్టింది, తిడుతూ బడికి పంపింది, జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చుని మరీ తిట్టింది. అలాంటి మనిషి మళ్ళీ తనున్న ఊళ్ళోనే, రెండు వీధుల అవతలే ఉండబోతోందని లోలోపల ఎంత మురిసిపోయిందో ఆవిడకే తెలుసు. ఇప్పుడు అదంతా చేజారిపోయేలా ఉంది.

"ఆఖరి పాఠం ఒక్కటి చేసెయ్ వదినా. కూడలి చూశాక కూడా పోతానంటే, నీ సంచి నేనే మోసుకొచ్చి బస్సెక్కిస్తా."

"మాట తప్పవుగా?"

"నీ చేతిలో పెరిగినదాన్ని. తప్పితే వీపు విమానం మోత మోగదూ!"

మధ్యాహ్నం బయల్దేరారు. పెద్ద కూడలిలో దీపం పచ్చగా మారింది. వదిన దేవుడికి దణ్ణం పెట్టుకుని నడిమధ్యకు వచ్చి ఇంజను ఆపేసింది. వెనక ఒకటి, రెండు హారన్లు మోగాయో లేదో, ట్రాఫిక్ కానిస్టేబులు ఈలవేసి చెయ్యెత్తాడు. నాలుగు వైపులా బండ్లన్నీ బొమ్మల్లా ఆగిపోయాయి. వదిన తాపీగా స్టార్టు చేసి, మొదటి గేరు వేసి, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు కారుని అవతలికి నడిపించి పక్కన ఆపింది.

"అమ్మో, నిజమేనే!" మొహం చాటంత చేసుకుంది. "ఎంత మర్యాద! నేనే పొరబడ్డానేమో."

క్లచ్చక్క ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ కానిస్టేబులు నుదుటి చెమట తుడుచుకుంటూ వచ్చి కిటికీలోకి వంగాడు.

"అక్కా, ఇందాక మీరు చెప్పిన వదినగారు వీరేనా? మన ఏర్పాటు ఎలా ఉంది?"

క్లచ్చక్క నాలుక కరుచుకుంది. వదిన తిట్టలేదు. దానికే భయమేసింది క్లచ్చక్కకి. ఆవిడ తిట్టలేదంటే మనసు నిజంగా విరిగిందన్నమాట.

"నీకు కంగారు పుడుతుందని..." అని నసిగింది.

"కంగారు నాకు కాదు, నీకు. జనాన్ని నమ్మమని నాకు చెప్పి, నువ్వేమో పోలీసుని పెట్టుకున్నావా?"

క్లచ్చక్క ఎందరిచేతో అదే కూడలిలో బండి ఆపించింది, ఎప్పుడూ ఎవర్నీ సాయం అడగలేదు. వదిన దగ్గరకొచ్చేసరికి తన నగరం మీద తనకే నమ్మకం జారిపోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"బెల్టు పెట్టుకో. నిన్నెవరూ ఎరగని కూడలి ఎక్కడుంది?" అంది వదిన.

"రైల్వే స్టేషను దగ్గర. కానీ వదినా, అక్కడ జనం..."

"నోరు మూసుకుని దారి చూపించు. పోతే పోతా గానీ, నిజమేదో చూసుకునే పోతా."

స్టేషను కూడలి అంటే మాటలా! రైలు దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు, సామాన్ల బళ్ళు, లారీలు, అందరికీ ఒకటే తొందర. వదిన నడిమధ్యకొచ్చి ఠక్కున ఆపేసింది. హారన్లు ఒక్కసారిగా మీదపడ్డాయి. "ఇంట్లో కూర్చోక ఎందుకమ్మా మాకీ ఖర్మ!" అంటూ లారీవాడు పక్కనుంచి దూసుకుపోయాడు. వదిన తాళం తిప్పింది. కారు ఎగిరి పడి చచ్చూరుకుంది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. ఈసారి బండి నిజంగానే ఆగిపోయింది.

క్లచ్చక్క కాలు తన క్లచ్చు మీదికి పాకింది.

"కాలు తియ్!" అని గద్దించింది వదిన.

ఏం చేస్తుంది? రెండు కాళ్ళూ మడిచి సీటు మీద పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జన్మలో అంత భయం ఎరగదు.

అంతలో వెనకనున్న సిటీ బస్సు ముందుకు కదిలి, అడ్డంగా తిరిగి, వీళ్ళ వెనక గోడలా నిలబడింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమ్మా, బండి నిద్రపోతోందా? జోలపాట పాడమంటావా?" అని అరిచి, స్టీరింగు మీద రెండు మోచేతులూ ఆనించుకుని కూర్చున్నాడు. లోపలి ప్రయాణికులు ఆయన్ని తిట్టారు, ఆయన వాళ్ళని తిట్టాడు. బస్సు మాత్రం అంగుళం కదల్లేదు. ఇంకోపక్కనుంచి స్కూటరు మీద వచ్చినావిడ కారు అద్దం టకటకా కొట్టింది.

"కళ్ళు ఎక్కడున్నాయమ్మా? మూడో గేరులో పెట్టి లాగితే ఏ బండి కదులుతుంది? ముందు న్యూట్రల్‌కి తియ్!"

వదిన గేరు చూసుకుంది. నిజమే, మూడులో ఉంది. న్యూట్రల్‌కి తీసింది, తాళం తిప్పింది, మొదటి గేరు వేసింది. కారు కదిలింది. "ఆ పనేదో ముందే చెయ్యొచ్చుగా!" అని స్కూటరావిడ వెనక్కైనా చూడకుండా చక్కా పోయింది.

వదిన అవతల చెట్టు నీడలో కారు ఆపింది. ఉన్నట్టుండి ఆవిడకి కడుపులోంచి నవ్వొచ్చింది.

"ఒక్కరి నోటా మంచిమాట రాలేదే!"

"రాలేదు" అంది క్లచ్చక్క, కాళ్ళు కిందికి దించుతూ.

"ఆ లారీవాడు తప్ప వదిలేసి పోయినవాళ్ళూ లేరు."

"లేరు."

"ఇదేం జనమే బాబూ! తిడుతూ సాయం చేస్తారా ఎవరైనా?"

క్లచ్చక్కకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. "నాకేం కొత్త కాదు వదినా. అలాంటి చేతిలోనే పెరిగా."

వదిన ఆమె నెత్తిన ఒక్కటి మొట్టింది. "పొగిడావో తిట్టావో తర్వాత తేలుస్తా గానీ, రేపు పరీక్ష ఎన్నింటికి?"

కొన్నాళ్ళకి పెద్ద కూడలిలో మళ్ళీ ఓ ఆఖరి పాఠం. ఈసారి స్టీరింగు వెనక బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి. బండి ఆపమంటే ఆపింది గానీ, మళ్ళీ స్టార్టు చేసే ధైర్యం లేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. వెనక హారను మోగింది. ఎంత పొడుగ్గా మోగిందంటే, క్లచ్చక్క తిరిగి చూడకుండానే అదెవరో గుర్తుపట్టేసింది.

పిల్లలతో కిటకిటలాడుతున్న పసుపుపచ్చ వ్యాను ముందుకొచ్చి, కారు వెనక అడ్డంగా తిరిగి నిలబడింది. దాని వెనక బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. కిటికీలోంచి వదిన తల బయటికొచ్చింది.

"నేర్పేదానికైనా బుద్ధుండక్కర్లేదా? నా పిల్లలకి బడికి ఆలస్యమవుతోంది! ఆ పిల్లని ఏడిపించింది చాలు, గేరు చూసుకోమను ముందు!"

బ్యాంకు అమ్మాయి బిక్కచచ్చిపోయింది. "ఎవరండీ ఆవిడ, అంతలా తిడుతున్నారు?"

"తిట్టనీ" అంది క్లచ్చక్క, సీటులో వెనక్కి ఆనుకుని. "ఆవిడ అక్కడున్నంతసేపు నీ దగ్గరికి ఏ బండీ రాదు. నిదానంగా స్టార్టు చేసుకో తల్లీ."