బుట్ట అయ్యేదాకా

డాక్టరు బల్ల ముందు మూడోసారి నిలబడ్డప్పుడు మస్తాన్‌బీకి కడుపు మండిపోయింది. వికలాంగుల పింఛనుకి మండలాఫీసులో డాక్టరొచ్చి చూస్తాడని చాటింపు వేసిన ప్రతిసారీ తమ్ముడు హయాత్‌ని చెయ్యి పట్టుకుని తెస్తూనే ఉంది. ప్రతిసారీ ఒకటే మాట. చేతులున్నాయి, కాళ్ళున్నాయి, కళ్ళు కనిపిస్తున్నాయి, ఇంకేం కావాలమ్మా అని!

హయాత్‌కి ముప్పై రెండేళ్ళు. ఎవరి ముఖంలోకీ చూడడు. పలకరిస్తే ఆ మాటే తిరిగి అంటాడు. మిరపకాయల ముచ్చికలు గిల్లడంలో, తెల్లబారిన తాలుకాయలు ఏరడంలో మాత్రం మిరపకొట్లో ఆడకూలీలెవరూ అతనికి సాటిరారు. కానీ ముందు పెట్టిన బుట్ట అయ్యేదాకా లేవడు. మధ్యలో లాగితే కేకలు పెట్టి తన చెయ్యి తనే కొరుక్కుంటాడు. అందుకే నిరుడు మిరపకొట్టు యజమాని గెంటేశాడు. అప్పట్నుంచి ఆమె కూలికెళ్ళాలంటే తమ్ముణ్ణి ఇంట్లో ఉంచి బయట గొళ్ళెం పెట్టాలి. పోయిన వారం వచ్చి తలుపు తీస్తే, తలుపుకేసి కొట్టుకుని కొట్టుకుని నుదురు పగిలి ఉంది. పింఛనొస్తే వారంలో ఒకటి రెండు రోజులైనా కూలి మానుకుని వాడి దగ్గరుండొచ్చు. ఆమె అడిగిందల్లా అంతే, మేడ కట్టుకోవడానికేం కాదు.

ఇక్కడి విడ్డూరం చూడండి. డాక్టరు పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్న మండలాధ్యక్షుడు కోటిలింగంగారే ఆ మిరపకొట్టు యజమాని!

"వీడికి రోగమేంటి డాక్టరుగారూ! చూపిస్తా ఉండండి," అని కోటిలింగం తన జీపులోంచి ఒక కాయల బుట్ట దింపించాడు. "ఒరేయ్ హయాత్, ఏరరా!"

"ఏరరా," అన్నాడు హయాత్.

"వద్దండీ, మొదలెడితే లేవడు," అంది మస్తాన్‌బీ. ఎవరు విన్నారు గనక!

హయాత్ బాసింపట్టు వేసుకుని కింద కూర్చున్నాడు. ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు, ముచ్చికలు ఒళ్ళో. ఒక్క కాయా తప్పు పోలేదు. వరసలో నిలబడ్డవాళ్ళు కూడా మెడలు సాచి చూసి నవ్వారు.

"చూశారా? నిక్షేపంలాంటి మనిషి. పింఛను కోసం నాటకాలు!"

"అయితే రేపట్నుంచి మీ కొట్లో పెట్టుకోండయ్యా," అంది మస్తాన్‌బీ.

కోటిలింగం కాలు మీంచి కాలు దించాడు.

"మా కొట్లోనా? వాడి కేకలకి ఆడవాళ్ళు హడలి చచ్చేవాళ్ళు. ఎట్టా కుదురుద్ది?"

"ఆ ముక్కే రాయమనండి! మీ కొట్లోకేమో పనికిరాడు, పింఛను దగ్గరికొచ్చేసరికి నిక్షేపమా? ఒక్క నోటితో రెండు మాటలు ఎట్టా అంటన్నారయ్యా? పనికొస్తాడని రాసి సంతకం పెట్టండి. ఆ కాయితం పట్టుకుని తెల్లారేసరికి మీ గుమ్మంలో ఉంటాం."

కోటిలింగం ముఖం కందగడ్డలా అయింది. "నోరు బాగా లేస్తందే! చాల్లే, పోండి," అంటూ వంగి బుట్ట లాగేశాడు.

హయాత్ పెట్టిన కేకకి ఆఫీసు దద్దరిల్లింది. మణికట్టు నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు. రక్తం చొక్కా మీద పడింది. వరసలోని జనం గుమ్మంలోకి పరుగెత్తారు. కోటిలింగం బుట్ట వదిలేసి కుర్చీ వెనక్కి నక్కాడు. మస్తాన్‌బీ తమ్ముణ్ణి గట్టిగా పొదువుకుని, వాడి పళ్ళ మధ్య తన అరచెయ్యి దూర్చింది. వాడు సద్దుమణిగాక కొంగు చింపి వాడి మణికట్టుకి కట్టు కట్టింది.

"చూశారుగా. ఇప్పుడు రాయండి," అంది డాక్టరుతో.

"ఏమని రాయనమ్మా? ఈ ఫారంలో ఇలాంటిదానికి గడే లేదు."

"దాని పేరు మీకే తెలవకపోతే మాకేం తెలుసు? చదువుకున్నోళ్ళు మీరు. కళ్ళతో చూసింది రాయండి."

డాక్టరు ఆ కట్టు వైపు చూసి, ఫారం తిరగేసి వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. అరపేజీ రాశాడు. సంతకం చేసి ముద్ర కొట్టించాడు.

కాయితం చేతికొచ్చినా మస్తాన్‌బీకి సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. ఛీ! మూడుసార్లు నోటితో చెప్పుకున్నది సరిపోలేదు. పదిమంది ముందు వాడు రక్తం కారేలా కొరుక్కుంటే సరిపోయింది.

గుమ్మం దగ్గర హయాత్ ఆగిపోయాడు. "కాయలు అవలా, అక్కా."

ఇన్నేళ్ళలో ఇలాంటప్పుడు ఎన్నిసార్లు వాణ్ణి లాక్కుపోయిందో, ఎంతమందికి ఏమనుకోకండి బాబూ అని దణ్ణాలు పెట్టిందో లెక్కలేదు. ఈసారి ఆ మాట నోటికి రాలేదు. వెనక్కి వచ్చి, కోటిలింగం కాళ్ళ దగ్గరున్న బుట్ట తెచ్చి గది నడుమ పెట్టింది. తమ్ముణ్ణి కూర్చోబెట్టి పక్కనే తనూ కూర్చుంది.

"ఏయ్! అది నా బుట్ట!"

"మీదేనయ్యా. ఏరమంది కూడా మీరే. అయ్యాక పట్టుకుపోండి." తమ్ముడి వైపు తిరిగింది. "ఏరు తమ్ముడూ. తొందరేం లేదు."

బుట్టలో ఇంకా సగం పైనే ఉన్నాయి. మళ్ళీ దాని మీద చెయ్యి వెయ్యడానికి కోటిలింగానికి ధైర్యం చాలలేదు.