ప్రిన్సిపాల్ గది గుమ్మం

పొద్దున్నే కుట్టుమిషన్ చప్పుడుతో ఆ ఇల్లు మేలుకునేది. పెద్ద దుకాణాల్లో కొత్త బట్టలు కొనుక్కుని, అవి సరిపోక లబోదిబోమంటూ జనం అమ్మ దగ్గరికి వచ్చేవారు. అమ్మ వాటిని పొట్టి చేసేది, పొడుగు చేసేది, వదులు చేసేది, బిగించేది. కూతురు ఆ పక్కనే గుడ్డపీలికల మీద కూర్చుని సమాజశాస్త్రం చదువుకునేది. హోదా, వర్గం, కట్టుబాటు అని పైకి వల్లిస్తుంటే అమ్మ పళ్ళతో దారం కొరుకుతూ, "ఇవన్నీ పుస్తకంలో వేశారా ఏంటే? నన్నడిగితే ఊరికే చెప్పేదాన్నిగా" అని నవ్వేది.

మాటలు నేర్చిన దగ్గర్నుంచీ ప్రతిదానికీ ఎందుకని అడగడం వల్ల ఆ పిల్లకి ఎందుకమ్మ అనే పేరు స్థిరపడింది. బడి చివరి రెండేళ్ళకి తోటివాళ్ళంతా లెక్కలు తీసుకుంటే, ఎందుకని అడిగినందుకు తిట్లు కాకుండా మార్కులు వచ్చే చదువు ఇదొక్కటేనని తను సమాజశాస్త్రం తీసుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఆఖరి పరీక్షకి ముందు టీచరమ్మ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. "రోజూ చూస్తూ కూడా మనం అడగని విషయం ఒకటి పట్టుకోండి. దానివల్ల ఎవరు పెద్దవాళ్ళవుతున్నారో, ఎవరు చిన్నవాళ్ళవుతున్నారో కనిపెట్టి రాయండి" అంది. క్లాసంతా ఫోన్ల వాడకం మీద పడింది. ఎందుకమ్మ మాత్రం ప్రిన్సిపాల్ గది గుమ్మాన్ని పట్టుకుంది.

ఆ గుమ్మం అందరికీ ఒకే ఎత్తులో ఉండేది కాదు. డాక్టరుగారు వస్తే పైచెక్క లేచి దారిచ్చేది. పాలు పోసే ఆయన వస్తే ఛాతీ దాకా దిగేది. దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. వాన పడితే తడుస్తాం, ఆ గదిలోకి వెళ్తే వంగుతాం, అంతే. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చునే అటెండరు వచ్చినవాళ్ళకల్లా, "కొంచెం వంగండి, పోయేదేముంది" అని చెప్పేవాడు. అతనూ వంగేవాడు. యూనిఫాంలు సరిచేసి తెచ్చిచ్చే అమ్మయితే మూట వీపున మోస్తున్నట్టు రెండు మడతలై వెళ్ళేది. బయటికి వచ్చేవాళ్ళ వంక ఎవరూ చూసేవారు కాదు, ఎందుకంటే బయట నిలబడ్డవాళ్ళవన్నీ నేలచూపులే.

"నేనూ వంగే వెళ్తానమ్మా. అది కూడా రాయి" అంది టీచరమ్మ, గొంతు తగ్గించి.

గుమ్మం బట్టల్ని చూసి ఎత్తు మారుస్తుందని ఎందుకమ్మ మొదట అనుకుంది. కుట్టేవాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లకి అంతకంటే ఏం తోస్తుంది! సరిచేయడానికి వచ్చిన ఒక బ్యాంకు మేనేజరమ్మ కోటు బతిమాలి అమ్మకి తొడిగి పంపింది. ఈసారి వంగనక్కర్లేదన్న ధీమాతో అమ్మ దర్జాగా నడిచి ఠపీమని కొట్టుకుంది. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. "నీ చదువు నా తలకొచ్చిందే" అని వారం పాటు సాధించింది.

తర్వాత ఒకరోజు ప్రిన్సిపాల్ సెలవు పెట్టాడు. ఫోనెత్తడానికి అటెండరు లోపలికెళ్ళి, కాళ్ళు నొప్పిగా ఉన్నాయని ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ రోజు పాలాయన నిటారుగా లోపలికి వెళ్ళి నిటారుగా బయటికి వచ్చాడు. ఎందుకమ్మకి అప్పుడు అర్థమైంది. గుమ్మం వచ్చేవాళ్ళని కొలవడం లేదు, చూసేవాళ్ళ కళ్ళ మాట వింటోంది. ఆ మాటే తన ప్రాజెక్టులో రాసింది.

ప్రాజెక్టులు పంపాల్సిన సాయంత్రం రానే వచ్చింది. కట్ట తీసుకెళ్ళే వ్యాను గేటు దగ్గర హారన్ కొడుతోంది. ప్రిన్సిపాల్ సంతకం లేకపోతే ఎందుకమ్మకి పరీక్ష లేదు, ఏడాది పోయినట్టే. ఆయన లోపలి నుంచే కాగితాలు ఊపాడు.

"గుమ్మం మీద ప్రాజెక్టేంటి? లోపలికి రా. తప్పయిందని ఒక్క ముక్క రాసిచ్చావంటే సంతకం పెడతాను."

పైచెక్క దిగి ఆమె మెడ దగ్గర ఆగింది. యూనిఫాంల మూటతో వచ్చిన అమ్మ వెనక నుంచి గుసగుసగా, "ఒక్కసారి వంగవే. నేను వంగలేదూ? నీ చదువు నిలబడుతుంది" అంది.

"నువ్వు వంగావు కాబట్టే నేను వంగనమ్మా" అంది ఎందుకమ్మ. గుమ్మానికి ఎదురుగా నిలబడి గట్టిగా, "సార్, నేను రాను. మీరే బయటికి రండి" అంది. వరండాలో ఉన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఆమె వాళ్ళవైపు తిరిగింది. "తలెత్తండి. సార్ వస్తున్నారు, కళ్ళు పెట్టి చూడండి."

ముందు టీచరమ్మ తలెత్తింది. తర్వాత పిల్లలు. ఆఖరికి స్టూలు మీద నుంచి లేచి అటెండరు కూడా.

హారన్ ఆగకుండా మోగుతోంది. ప్రిన్సిపాల్ కాగితాల కట్ట చంకన పెట్టుకుని విసవిసా వచ్చి ఠక్కున ఆగాడు. పైచెక్క ఆయన బొజ్జ దాకా దిగి ఉంది. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. పుట్టాక ఆయన ఎప్పుడూ గుమ్మం దగ్గర వంగిన మనిషి కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"కొంచెం వంగండి సార్, పోయేదేముంది" అన్నాడు అటెండరు అలవాటు కొద్దీ.

ఆయన వంగాడు. రెండు మడతలై, కళ్ళజోడు పట్టుకుని, ఆపసోపాలు పడి బయటపడ్డాడు. వంగినప్పుడు జేబులోని కలం జారి గదిలోకి దొర్లిపోయింది. సంతకం పెట్టడానికి కలం కావాలి, పెట్టకుండా లోపలికి పోదామన్నా మళ్ళీ వంగాలి. ఆయన అక్కడే నిలబడి చెమట తుడుచుకున్నాడు.

అమ్మ మూట కింద పెట్టింది. మెడలో కొలత టేపు వేలాడుతుండగా గుమ్మంవైపు నడిచింది, అలవాటుగా నడుం సగం వంచి ఆగింది. లోపల కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ నెమ్మదిగా నిటారుగా నిలబడింది. పైచెక్క ఆమెతో పాటు లేచింది. కలం తెచ్చి ఆయన చేతికిచ్చి, "పెట్టండి సార్" అంది.

ఆయన కాగితాలు గోడకి ఆనించి సంతకం పెట్టాడు. వ్యాను వెళ్ళిపోయింది. ఎందుకమ్మ మాత్రం అమ్మనే చూస్తూ ఉండిపోయింది, అమ్మ ఇంత పొడుగు మనిషని ఆమెకి ఇన్నేళ్ళూ తెలియదు.

ఇంటికి రాగానే అమ్మ ఊరివాళ్ళ బట్టలు పక్కకి నెట్టి తన బట్టలు ముందేసుకుంది. మడిచి కుట్టిన అంచులు ఒక్కొక్కటే విప్పుతూ కూతుర్ని అడిగింది.

"ఇన్నాళ్ళూ ఇవి ఇంత పొట్టిగా ఎందుకు కుట్టుకున్నానే?"